మీకు తెలుసా? మెట్ట దారి, రెండు సైకిళ్ళు, ఆలుమగలు

భార్యాభర్తలు చెరొక సైకిలెక్కి దేశాలు చూడటం ఈ మధ్య పుట్టిన సరదా కాదు. 1897 చివర్లోనే ఫ్యానీ బుల్లక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్ అనే అమెరికన్ దంపతులు సింహళం వైపు నుంచి మన దేశానికి వచ్చారు. దక్షిణపు కొస నుంచి హిమాలయాల దాకా సైకిళ్ళ మీదే సాగిపోయారు. అప్పటికి ఆమెకు 38 ఏళ్ళు, డాక్టరైన ఆయనకు 50. ఆ యాత్ర మీద ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం 1904లో వచ్చింది. ‘త్రూ టౌన్ అండ్ జంగిల్’ దాని పేరు. సైకిళ్ళ మీద 14,000 మైళ్ళు తిరిగామని ఆ పుస్తకం అట్ట మీదే వేసుకున్నారు. మన లెక్కలో 22,500 కిలోమీటర్లు. వెంట తీసుకెళ్ళింది టీపొడి, పంచదార, బిస్కట్లు, జున్ను, డబ్బా మాంసం, నీళ్ళు, దిండ్లు, మనిషికో దుప్పటి, మందులు, రాసుకోవడానికి కాగితాలు, పంచర్ల సామాను. ఆ చివరి సామానుకే ఎక్కువ పని పడింది. ఒక్కో రోజు 40 దాకా పంచర్లు వేసుకోవలసి వచ్చిందట!

ఇదే ఫ్యానీ 1912లో సియాచిన్ హిమానీనదం ఎక్కి, ‘మహిళలకు ఓటు’ అని అచ్చయిన పత్రికను చేతుల్లో విప్పి పట్టుకుని ఫొటో తీయించుకున్నారు. అమెరికాలో ఆడవాళ్ళ ఓటు హక్కు దేశమంతటికీ వర్తించేలా రాజ్యాంగ సవరణ వచ్చింది 1920లో.

వర్క్‌మన్ దంపతులు చాలావరకు రైలు మార్గాలను అంటిపెట్టుకునే తిరిగారు. తిండి సామాను దొరికేది స్టేషన్లలోనే. చాలా రాత్రులు పడుకున్నదీ అక్కడి వెయిటింగ్ రూముల్లోనే. ఆ పద్ధతి పెట్టుకుంటే ఆత్మకూరు, ఉదయగిరి చూడటం వాళ్ళకు సాధ్యపడేది కాదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో ఈ రెండు ఊళ్ళకూ రైలు రాలేదు. నడికుడి నుంచి శ్రీకాళహస్తికి 309 కిలోమీటర్ల కొత్త లైను మంజూరై, ఈ మెట్ట ప్రాంతం మీదుగా పనులు నడుస్తున్నాయి. అది పూర్తయ్యేదాకా ఇక్కడికి బస్సో, మోటారు బండో, సైకిలో కావాలి.

పంచర్ల మాట వచ్చింది కాబట్టి పల్లేరు గురించి చెప్పాలి. మెట్ట చేల గట్ల మీద, డొంకల్లో నేలకు అంటుకుని పాకే ఈ తీగను, దాని పసుప్పచ్చ పూలను, కాలిలో దిగితే ప్రాణం లాగేసే ముళ్ళ కాయలను ఇక్కడ తెలియనివాళ్ళుండరు. ఉత్తర అమెరికా మైదానాల్లో సైకిలు తొక్కేవాళ్ళకు కూడా మొదటి శత్రువు ఇదే పల్లేరు. కాయ కొమ్ములు మేక తలను తలపిస్తాయని వాళ్ళు దానికి ‘గోట్‌హెడ్’ అని పేరు పెట్టారు. ఆ మొక్క అక్కడ పుట్టింది కాదు. మనవైపు నుంచి మధ్యధరా తీరాల దాకా ఉన్న పాత ప్రపంచపు వెచ్చని నేలలు దాని సొంతగడ్డ. అమెరికాలో దాని బెడద పడలేక 1961లో ఇటలీ నుంచి రెండు రకాల ముక్కుపురుగులను తెచ్చి పొలాల్లో వదిలారు. ఒకటి కాయను, రెండోది కాండాన్ని తొలిచి తింటుంది. ఆ పురుగులు ఇటలీతో పాటు మన దేశంలోనూ సహజంగా ఉన్నవే. ఇక మన రోడ్ల పక్కన టైర్లకు గుచ్చుకునే సర్కారు తుమ్మ సంగతి చూడండి. అది అమెరికా ఖండాల నుంచి మన దేశానికి వచ్చింది. ముళ్ళు అటూ ఇటూ సముద్రాలు దాటాయి. కాబట్టి మెట్ట దారిలో తొక్కదలచినవాళ్ళు అదనపు ట్యూబు, ప్యాచీలు, సొల్యూషను, గాలి పంపు దగ్గర పెట్టుకోకుండా బయలుదేరకూడదు. టైరు మార్చేటప్పుడు లోపలి వైపు చేత్తో తడిమి, విరిగిన ముల్లు మొన మిగిలిపోయిందేమో చూడాలి. కొత్త ట్యూబు వేసిన కాసేపటికే మళ్ళీ గాలి పోవడానికి చాలాసార్లు కారణం అదే.

అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకు, మధ్యలోని గడ్డి మైదానాల మీదుగా వెళ్ళే ప్రఖ్యాత సైకిలు దారి రెండు జంటల వల్ల పుట్టిందని మీకు తెలుసా? గ్రెగ్, జూన్ సైపిల్ ఒక జంట. డాన్, లిస్ బర్డెన్ ఇంకో జంట. ఈ నలుగురూ 1972లో అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చివరి కొసకు సైకిళ్ళ మీద బయలుదేరారు. డాన్‌కు కామెర్ల జబ్బు రావడంతో బర్డెన్ దంపతులు మధ్యలో ఆగిపోవలసి వచ్చింది. సైపిల్ దంపతులు మాత్రం 1975లో గమ్యం చేరారు. యాత్ర మధ్యలో, 1973లో, మెక్సికోలో ఉండగా గ్రెగ్‌కు ఒక ఆలోచన వచ్చింది. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్ళు నిండుతాయి కదా, ఆ ఏడు వేలమంది కలిసి దేశానికి అడ్డంగా సైకిళ్ళు తొక్కితే ఎలా ఉంటుంది? దానికి ‘బైక్‌సెంటెనియల్’ అని పేరు పెట్టింది జూన్. చెప్పినట్టే ఆ వేసవిలో 4,000 మందికి పైగా రోడ్డెక్కారు. పసిఫిక్ తీరం నుంచి అట్లాంటిక్ వైపు యార్క్‌టౌన్ దాకా 4,250 మైళ్ళు, అంటే సుమారు 6,800 కిలోమీటర్లు. ఆ దారిలో ఈనాటికీ తొక్కుతూనే ఉన్నారు.

ఆ దారిలో కొండలెక్కే రోజుల కంటే, మధ్యలో వచ్చే కాన్సాస్ మైదానంలో గడిపిన రోజులే కష్టమని చాలామంది అంటారు. కారణం గాలి. కొండ ఎక్కినవాడికి దిగుడు దొరుకుతుంది. ఎదురుగాలికి అలాంటి మినహాయింపు లేదు, పొద్దు గూకేదాకా వీస్తుంది. లెక్క చూడండి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే, ఎదురుగా 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోందనుకుందాం. ఒంటికి తగిలే గాలి వేగం 35 అవుతుంది. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది అయిదు రెట్లు దాటిపోతుంది. ఇక్కడే ఇద్దరుండటం కలిసొస్తుంది. ముందు సైకిలు వెనకే దగ్గరగా తొక్కేవారికి శ్రమలో పావు వంతో, ఒక్కోసారి మూడో వంతో తగ్గుతుంది. కాసేపు ఆయన ముందు, కాసేపు ఆవిడ ముందు. ఇద్దరూ ఒకే సైకిలు మీద తొక్కే టాండెమ్ అయితే గాలికి అడ్డుపడేది దాదాపు ఒక మనిషంతే, తొక్కే కాళ్ళు నాలుగు. చదునులో అది దూసుకుపోతుంది, ఎగుడులో మాత్రం బరువుకి ఈడుస్తుంది.

మెట్టవాళ్ళకు గాలి గురించి ఒకరు చెప్పనక్కరలేదు. మే నుంచి నైరుతి రుతుపవనాల రోజుల దాకా వెలిగొండలు దాటి వచ్చే పడమటి గాలి మొహాన్ని మాడ్చేస్తుంది. ఆ కాలంలో నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా పడమరకు తొక్కడమంటే ఆ గాలికి ఎదురెళ్ళడమే. తప్పనిసరైతే ఉదయగిరిలో మొదలుపెట్టి, తెల్లవారుజామునే ఆత్మకూరు వైపు దిగిరావడం మేలు, గాలి వీపున ఉంటుంది. అసలు కాలం మాత్రం ఈశాన్య రుతుపవనాల వానలు తెరిపిచ్చాక వచ్చే డిసెంబరు చివరి రోజులు, జనవరి, ఫిబ్రవరి.

మైదానంలో దూరం కళ్ళను మోసం చేస్తుంది. కాన్సాస్‌లో గోధుమలు నిలవ చేసే ఎత్తయిన ఎలివేటరు గోపురాలు ఉంటాయి. ఒక ఊరి గోపురం కనిపించిన తరువాత ఆ ఊరు చేరడానికి గంట తొక్కవలసి రావచ్చు. మనకు ఆ పని ఉదయగిరి దుర్గం చేస్తుంది. 3,079 అడుగుల కొండ అది. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి నేరుగా గీత గీస్తే 45 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, రోడ్డు దూరం అంతకంటే ఎక్కువ. దగ్గరికొచ్చే కొద్దీ ఆ కొండ పెరుగుతూ పోతుంది. గజపతుల చేతిలోని ఈ దుర్గం కోసం శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి వేసి, 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్ళి విజయనగరంలో ప్రతిష్ఠించాడు. హంపిలోని కృష్ణాలయం ఆ గెలుపుకు గుర్తుగా కట్టించిందే.

మరి నీళ్ళు, పడక? ఎండలో తొక్కేవారికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్ళు పడతాయి. కాన్సాస్‌లో చిన్న చిన్న ఊళ్ళు చాలా చోట్ల తమ ఊరి పార్కులో సైకిలు యాత్రికులను గుడారం వేసుకోనిస్తాయి, స్నానానికి ఈతకొలను దగ్గరి గదులు వాడుకోనిస్తాయి. ఊళ్ళకు అయ్యే ఖర్చు కొద్దిపాటిదే, ఆ దారి బతకడానికి మాత్రం ఆ ఆతిథ్యమే ఊపిరి. మనకూ ఆ గుణం ఉంది. వేసవి వస్తే బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టని ఊరు అరుదు. ఆత్మకూరు చేరువలోని ఏఎస్ పేట దర్గాకు మతాలతో పని లేకుండా జనం వస్తారు, యాత్రికుల కోసం అక్కడ వసతి గదులున్నాయి. 78 టీఎంసీల సోమశిల జలాశయం కూడా ఆత్మకూరుకు దగ్గరే. ఒక్క జాగ్రత్త: ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడి జనం ఏళ్ళ తరబడి దానితో బాధపడుతున్నారు. దారిన పోయేవాళ్ళు శుద్ధి చేసిన నీళ్ళు నింపుకోగలరు, ఆ ఊళ్ళవాళ్ళకు రోజూ అది దొరకాలి.

దంపతుల యాత్ర జరగాలంటే ముందు ఇల్లాలికి సైకిలు రావాలి, ఆమె చేతికి సైకిలు అందాలి. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం చదువుతో పాటు సైకిలు తొక్కడం కూడా నేర్పింది. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని ముందుండి నడిపించారు. పల్లెల్లో వేలాది ఆడవాళ్ళు సైకిలెక్కారు. వాళ్ళ గురించి పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన పడమటి మెట్టలో, కలిగిరి మండలం దూబగుంటలో, అలాంటి అక్షరాస్యత తరగతుల్లోనే ‘సీతమ్మ కథ’ పాఠం చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, దాన్ని ముందుండి నడిపిన రోశమ్మ పేరు అందరికీ తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సైకిలు పాఠం కూడా ఆ తరగతుల్లో కలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది నాకు. ఇప్పటికైనా ఈ మండలాల్లో ఎవరైనా ఆ పని మొదలుపెడితే మంచిది.

సైకిలు యాత్రికులు సామానులో ప్రతి తులం బరువూ తూచుకుంటారు. వాళ్ళకు ఉదయగిరిలో కొనుక్కోదగినది ఒకటుంది: చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి వంటి కర్రతో చేసే ఈ పనితనానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. చేసేవాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కర్ర కొరత వాళ్ళ పెద్ద దిగులు. కాబట్టి అక్కడ ఆగినప్పుడు బేరమాడకండి, వాళ్ళు చెప్పిన ధర ఇచ్చి కొనండి.