ఆన్‌లైన్ క్రీడాలోకాల్లో దాడికి శిక్ష: తూకం, పరిమితులు

వ్యాససంగ్రహం:
అనేకమంది ఒకేసారి పాల్గొనే ఆన్‌లైన్ ఆటల్లో ఒక ఆటగాడు మరొకరిపై చేసే దాడికి ఎంత శిక్ష విధించాలన్నది రూపకర్తలకు క్లిష్టమైన సమస్య. ‘అల్టిమా ఆన్‌లైన్’, ‘ఈవ్ ఆన్‌లైన్’ ఆటల శిక్షావిధానాలను పోల్చి, శిక్ష తూకాన్ని నిర్ణయించే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆన్‌లైన్ క్రీడలు, పరస్పర పోరు, ఏకపక్ష దాడి, సమ్మతి, శిక్ష.

1. ఉపోద్ఘాతం:
చదరంగంలో పావును చంపడం నేరం కాదు. ఆటకు కూర్చోవడమే అందుకు సమ్మతి. వేలాదిమంది సంచరించే ఆన్‌లైన్ లోకానికి ఈ సూత్రం చాలదు. అక్కడికి ఒకరు యుద్ధం కోసం వస్తే, మరొకరు వర్తకం కోసమో గనులు తవ్వడం కోసమో వస్తారు. ఇరువురూ కోరుకున్న పోరాటాన్ని ‘పరస్పర పోరు’ అని, ఒకరి ఇష్టం లేకుండా జరిగేదాన్ని ‘ఏకపక్ష దాడి’ అని ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. శిక్ష అవసరమయ్యేది రెండవదానికే. దానిని పూర్తిగా నిషేధిస్తే జాగ్రత్తకూ, తోడుకూ విలువ తగ్గుతుంది. పూర్తిగా వదిలేస్తే కొత్తవారు నిలవరు.

2. అల్టిమా ఆన్‌లైన్ - నేరానికి రంగు:
ఆరిజిన్ సిస్టమ్స్ సంస్థ ఈ ఆటను 1997 సెప్టెంబరులో విడుదల చేసింది. పట్టణాల్లో కావలిభటులు ఉన్నా, పొలిమేర దాటితే హంతకులదే రాజ్యంగా ఉండేది. దానిని అరికట్టడానికి పేరుకు రంగు వేసే పద్ధతి వచ్చింది. నిరపరాధి పేరు నీలం. దొంగ పేరు, నిరపరాధిపై చెయ్యెత్తినవాడి పేరు కొంతసేపు బూడిదరంగు. ఐదు హత్యలు నమోదైతే ఎరుపు. హత్యను నమోదు చేయాలో వద్దో హతుడే నిర్ణయిస్తాడు. ఎరుపు పేరువాడిని ఎవరైనా నిరభ్యంతరంగా చంపవచ్చు.

యంత్రం చర్యను గుర్తిస్తుంది గాని ఉద్దేశాన్ని గుర్తించలేదు. నేరస్థుడికి వైద్యం చేసినవాడూ నేరస్థుడిగానే లెక్కకు వస్తాడు. దీంతో అమాయకులను బూడిదరంగులోకి దించి చంపే యుక్తులు పుట్టాయి. హత్యల లెక్క ఆటలో గడిపిన గంటలతో తరుగుతుంది కనుక, పాత్రను ఒక మూల నిలిపి ఉంచి శిక్షాకాలం గడుపుకోవడమూ సాధ్యమైంది.

2000లో ‘రెనసాన్స్’ విస్తరణతో లోకం రెండుగా చీలింది. ట్రామెల్‌లో ఏకపక్ష దాడికి తావు లేదు. ఫెలూకాలో పాత పద్ధతే కొనసాగింది. శిక్ష సాధించలేనిదాన్ని గోడ సాధించింది. అయితే హంతకులను వేటాడడానికి ఆటగాళ్లే కూర్చుకున్న రక్షకదళాలకు ట్రామెల్‌లో పని లేకపోయింది.

3. ఈవ్ ఆన్‌లైన్ - శిక్షకు వెల:
ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003లో విడుదల చేసిన ఆట ఇది. భద్రతాస్థాయి 0.5 లేదా అంతకు మించిన నక్షత్రమండలాల్లో అక్రమదాడి చేసిన నౌకను ‘కాంకర్డ్’ దళం తప్పక ధ్వంసం చేస్తుంది. కాని ఆ దళం వచ్చేది దాడి మొదలైన కొన్ని క్షణాల తరువాతే. అది దండిస్తుంది, కాపాడదు. ఆ వ్యవధిలోనే చౌకనౌకలు గుంపుగా వచ్చి ఖరీదైన సరుకునౌకను కూల్చివేస్తాయి. శిక్ష నిశ్చితం కావడం వల్లనే దాని ఖర్చు ముందుగా లెక్కకు అందుతోంది.

ఒకప్పుడు కాంకర్డ్ చేతిలో పోయిన నౌకకూ బీమా సొమ్ము దక్కేది. అంటే శిక్షలో కొంత భాగాన్ని వ్యవస్థే భరించేది. 2011లో ‘క్రూసిబుల్’ విస్తరణతో ఆ సదుపాయాన్ని తొలగించారు. దాడులు ఆగలేదు, ఎంత సరుకున్న నౌకను కూలిస్తే గిట్టుబాటవుతుందన్న లెక్క మాత్రం మారింది.

4. తూకాన్ని నిర్ణయించే అంశాలు:
పై రెండు ఆటల పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

అ) లాభంతో నిష్పత్తి: దోపిడీ విలువ పెరిగినా శిక్ష పెరగకపోతే అది దండన కాక రుసుముగా మిగులుతుంది.

ఆ) శిక్ష తగిలే చోటు: ఒకే వ్యక్తికి అనేక పాత్రలుండవచ్చు. దాడికోసమే పెంచిన పాత్రకు చెడ్డపేరు వస్తే, దాని వెనుకనున్న మనిషికి కలిగే నష్టం స్వల్పం.

ఇ) బాధితుడి స్థితి: దాడి చేసినవాడి నౌక పేలినంత మాత్రాన పోయిన సరుకు తిరిగి రాదు. దండన వేరు, పరిహారం వేరు.

ముగింపు:
అల్టిమా నేరస్థుణ్ణి గుర్తించడంపై, ఈవ్ శిక్ష నిశ్చితత్వంపై ఆధారపడ్డాయి. రెండింటిలోనూ ఆటగాళ్లు శిక్షను కూడా ఆటలో ఒక ఎత్తుగా మార్చుకున్నారు. కాబట్టి శిక్షను పెంచడం ఒక్కటే పరిష్కారం కాదు. ఏ ప్రాంతంలో అడుగుపెడితే ఎంత ప్రమాదానికి సమ్మతించినట్లో కొత్త ఆటగాడికి ముందే తెలియాలి. అది తెలియనిచోట ఎంత కఠినమైన శిక్ష ఉన్నా, బాధితుడి దృష్టిలో అది న్యాయం అనిపించుకోదు.