దూరపు కంప్యూటరుకు క్రొత్త తాళము

సర్వర్లు అనబడు కంప్యూటర్లలో చాలవాటి యెదుట మనుష్యు లెవరును కూర్చుండరు. వాటిని నడుపు ఉద్యోగి వేరొక ఊరినుండి తన తెరపై ఆదేశములను టైపు చేయును. ఆ అక్షరములను దారిలో ఎవరైనను చదువవచ్చునా?

పూర్వము చదువగలిగెడివారు. టెల్నెట్ అను పాత సాధనము పాస్‌వర్డును సైతము పోస్టుకార్డుపై వ్రాసినట్లు బహిరంగముగ పంపెడిది. 1995లో ఫిన్లండు దేశమునందలి హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచియుండి పాస్‌వర్డులను దొంగిలించిరి. అచ్చటి పరిశోధకుడు తాతు యులోనెన్ విరుగుడుగా ఎస్.ఎస్.హెచ్. అను సాధనమును నిర్మించెను. 1999లో ఓపెన్ బి.ఎస్.డి. బృందమువారు వెలువరించిన ఓపెన్ ఎస్.ఎస్.హెచ్. నేడు విరివిగా వాడుకలో నున్నది.

ఇందు రెండు కంప్యూటర్లును ముందుగా ఒక రహస్య సంఖ్యను కుదుర్చుకొని, దాని సాయమున మాటలన్నిటిని గూఢలిపిలోనికి మార్చును. వినువాడు నడుమ నుండగా రహస్యము కుదురుట ఎట్లు? 1976లో డిఫీ, హెల్మన్ అను శాస్త్రజ్ఞులు ఉపాయము చూపిరి. రాముడు 6ను, సోముడు 7ను తమలో దాచుకొనిరనుకొందము. రాముడు 3ను 6 మార్లు హెచ్చవేసి 17చే భాగించగా శేషము 15. సోముడు 7 మార్లు హెచ్చవేయగా శేషము 11. ఈ శేషములను బాహాటముగనే మార్చుకొందురు. ఇపుడు రాముడు 11ను 6 మార్లును, సోముడు 15ను 7 మార్లును హెచ్చవేసి 17చే భాగించిన ఇద్దరికిని 8 వచ్చును. (విద్యార్థులు చేసి చూడవలెను.) నిజమైన సంఖ్యలు వందలాది అంకెలు గలవి, శేషమునుండి మూలమునకు వెనుకకు నడచుట నేటి కంప్యూటర్లకు అసాధ్యము.

క్వాంటం కంప్యూటరుకు మాత్రము ఇది సాధ్యమని 1994లో పీటర్ షోర్ నిరూపించెను. ఈ పనికి చాలినంత యంత్రము ఇంకను తయారు కాలేదు. అట్లైన తొందర యెందుకు? దొంగ నేటి గూఢలిపిని నకలు తీసి దాచుకొని, యంత్రము వచ్చిననాడు విప్పుకొనవచ్చును. పదేండ్లు దాగవలసిన రహస్యమునకు ప్రమాదము నేడే మొదలైనది.

కావుననే 2022 ఏప్రిలులో వెలువడిన 9.0 కూర్పు, క్వాంటం యంత్రమునకును లొంగదని తలచు ఒక క్రొత్త పద్ధతిని పాతదానితో జతపరచి వాడుకలోనికి తెచ్చెను. పాతదానిని పారవేయకుండుట వివేకము. ఆ యేడే సైక్ అను వేరొక క్రొత్త పద్ధతిని సామాన్య కంప్యూటరు సుమారు గంటలో ఛేదించినది! జంట తాళములలో ఒకటి విరిగినను రెండవది నిలుచును. 2025 ఏప్రిలునాటి 10.0 కూర్పులో, అమెరికా ప్రమాణ సంస్థ 2024లో ఆమోదించిన ఎం.ఎల్.-కెం పద్ధతి ఆ జంటలో చేరినది.

అవతలివాడు నిజముగ మన సర్వరే యని తెలుపు సంతకముల గణితము మాత్రము ఇంకను పాతదియే. రేపు దొంగ సంతకము చేయగలిగినను, నిన్న ముగిసిన సంభాషణలోనికి జొరబడలేడు గదా. గూఢలిపికి ఆ ధీమా లేదు. పైగా జంట తాళము పడుటకు ఇరువైపుల కూర్పులును క్రొత్తవై యుండవలెను. ఒకటి పాతదైనచో రెండును పాత పద్ధతికే దిగును. 2025 అక్టోబరునాటి 10.1 కూర్పు అట్టి సమయమున వాడుకరిని హెచ్చరించును.