పలికే పలక

తెలుగునాట ఓ తరం మార్కాపురం పలకల మీదే ఓనమాలు దిద్దింది. రాతిని పొరలుగా చీల్చి, అంచులు సమంగా కోసి, చెక్క చట్రంలో బిగిస్తే పలక తయారు. అక్షరం వంకరపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ దిద్దడమే. వెబ్‌సైట్ కట్టేవాళ్లకు ప్రోటోటైప్ అలాంటి పలక. అసలు సైట్ కట్టకముందే ఓ నమూనా గీసి, నలుగురి చేత నొక్కించి చూసి, నచ్చనిది తుడిచి మళ్లీ గీస్తారు.

అయితే చూపులేనివారికి ఆ పలక పలకాలి. దాన్ని పలికించే సాధనం స్క్రీన్ రీడర్.

ఐబీఎం పరిశోధకుడు జిమ్ థాచర్ 1980లలో డాస్ కంప్యూటర్ల కోసం ఇలాంటిదొకటి తయారుచేశారు. అప్పట్లో పని కాస్త తేలిక. తెర మీది ‘A’ కంప్యూటర్ మెమరీలో కూడా ‘A’గానే ఉండేది, దాన్ని తీసి కృత్రిమ గొంతుకు అందిస్తే చాలు. విండోస్ రాకతో చిక్కొచ్చిపడింది. తెరంతా బొమ్మయింది, అక్షరాలు చుక్కల్లో కలిసిపోయాయి. కంటికి బటన్‌లా కనబడేది యంత్రానికి బూడిదరంగు చుక్కల గుంపు. ప్రోగ్రాములు తెర మీద ఏం గీస్తున్నాయో మధ్యలోనే పసిగట్టి, స్క్రీన్ రీడర్ తన దగ్గర ఇంకో తెరను ఊహించుకోవాల్సి వచ్చింది. రోడ్డు ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ తెచ్చిన స్క్రీన్ రీడర్ ‘జాస్’ 1989లో డాస్ మీద, 1995లో విండోస్ మీద మాట్లాడింది. కానీ ఖరీదెక్కువ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు ‘ఎన్‌వీడీఏ’ మొదలుపెట్టారు. దాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మార్కాపురం చుట్టుపక్కల పిల్లలకు అక్కరకొచ్చే మలుపు ఇదేనని నా నమ్మకం.

ఇప్పుడు బ్రౌజరే ప్రతి వస్తువు పేరూ, అది చేసే పనీ, దాని స్థితీ స్క్రీన్ రీడర్‌కు చెబుతుంది. వాటిని మనం కోడ్‌లో రాసిపెడితేనే సుమా! ఫిగ్మా లాంటి డిజైన్ పనిముట్లలో ఓ పెట్టె గీసి ఆకుపచ్చ రంగేసి ‘పంపండి’ అని రాస్తే చూసేవాళ్లకు అది బటన్. వెబ్ పేజీలో దాన్ని బటన్ ట్యాగ్‌తోనే రాస్తే స్క్రీన్ రీడర్ ‘పంపండి, బటన్’ అంటుంది, ఎంటర్ కొడితే పనిచేస్తుంది. మామూలు డివ్ పెట్టెకు రంగు పూసి వదిలేస్తే ట్యాబ్ కీ దాన్ని తాకకుండానే దాటిపోతుంది. దరఖాస్తు అంతా నింపిన చూపులేని విద్యార్థి చివరి మెట్టు దగ్గర ఆగిపోతాడు. మాటల్లో అడిగితే కోడ్ రాసిచ్చే ఏఐ పనిముట్లు కూడా ఈ పొరపాటు చేస్తాయి. అందుకే నమూనాలోని ముఖ్యమైన తెరలనైనా మొదటి రోజు నుంచే నిజమైన హెచ్‌టీఎంఎల్‌లో కట్టుకోవడం మేలు.

తెలుగుకు ఇంకో బాధ ఉంది. యూనికోడ్ 1991లోనే మన లిపికి చోటిచ్చినా, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన పాఠం ఇప్పటికీ వెబ్‌లోకి వస్తూనే ఉంది. కంటికి తెలుగే, లోపల మాత్రం వేరే సంకేతాలు. స్క్రీన్ రీడర్ దాన్ని చదివితే అర్థంలేని చప్పుడే. నోటీసును ఫొటో తీసి పెడితే ఆ చప్పుడు కూడా ఉండదు. యూనికోడ్‌లో రాసి, పేజీ భాష తెలుగని కోడ్‌లో ఒక్క మాట చేర్చితే, తెలుగు గొంతు ఉన్న స్క్రీన్ రీడర్ దాన్ని తెలుగులోనే చదువుతుంది.

చూపు మందగించినవారి సంగతీ మరవకూడదు. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య వెలుగు తేడా కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. సమాచారం అందరికీ అందాలనే మన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. అంటే ఇది దయతో చేసే పని కాదు, చేసి తీరాల్సిన పని.

మార్కాపురం, కంభం, గిద్దలూరుల్లో కంప్యూటర్ చదువుతున్న పిల్లలకు నాదొక్కటే మనవి. మీ ప్రాజెక్టును మాస్టారికి చూపించేముందు మౌస్ పక్కన పెట్టండి. ఎన్‌వీడీఏ తెరిచి, కళ్లు మూసుకుని, ట్యాబ్ కీ నొక్కుతూ మొదటి నుంచి చివరిదాకా వెళ్లండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ తుడిచి మళ్లీ దిద్దండి.