కాంట్రాక్టరు బిల్లుకు పది పనిదినాల్లో జవాబివ్వండి

సిడ్నీలో రెస్టారెంటు, క్లినిక్, కిరాణా షాపు వంటివి ప్రారంభించే మనవారు లీజు కాగితాలను లాయరుకు చూపిస్తారు, బ్యాంకు లోను షరతులు ఒకటికి రెండుసార్లు చదువుతారు. లోపలి పనులు చేసిన కాంట్రాక్టరు బిల్లు పంపితే మాత్రం, "ఎక్కువ వేశాడు, అడిగినప్పుడు చూద్దాంలే" అని పక్కన పెట్టేస్తారు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఈ ధోరణి చాలా నష్టం తెస్తుంది. కారణం 1999లో చేసి, 2000 మార్చి 26 నుండి అమలు చేస్తున్న సెక్యూరిటీ ఆఫ్ పేమెంట్ చట్టం.

ఎందుకీ చట్టం?

నిర్మాణ రంగంలో డబ్బు పైనుంచి కిందికి వస్తుంది: యజమాని నుండి ప్రధాన కాంట్రాక్టరుకు, అక్కడి నుండి సబ్ కాంట్రాక్టర్లకు. పైన ఒకరు ఆపేస్తే కింద ఉన్న చిన్నవారు కోర్టు తీర్పు వచ్చేలోగా దివాలా తీస్తారు. అందుకే "ముందు చెల్లించండి, తరువాత వాదించుకోండి" అన్నది ఈ చట్టం సూత్రం. నోటిమాట ఒప్పందాలకూ ఇది వర్తిస్తుంది. తాము ఉండే ఇల్లు కట్టించుకునేవారికి ఇదివరకు మినహాయింపు ఉండేది. 2021 మార్చి 1 నుండి కుదిరిన ఒప్పందాలకు అది కూడా లేదు.

ఎలా పనిచేస్తుంది?

చేసిన పని, రావలసిన మొత్తం, ఈ చట్టం కింద అడుగుతున్నామన్న మాట, ఈ మూడూ ఉంటే ఆ బిల్లు పేమెంట్ క్లెయిమ్ అవుతుంది. అది అందిన 10 పనిదినాల్లో మీరు పేమెంట్ షెడ్యూల్ అనే లిఖిత జవాబు ఇవ్వాలి. ఒప్పందంలో ఇంకా తక్కువ గడువు ఉంటే అదే వర్తిస్తుంది. శని, ఆదివారాలు, ప్రభుత్వ సెలవులు, డిసెంబరు 27 నుండి 31 వరకు లెక్కలోకి రావు.

ఒక ఉదాహరణ చూద్దాం. బిల్లు 80,000 డాలర్లు. మీ లెక్కలో ఇవ్వవలసింది 50,000. ఫోనులో గట్టిగా చెప్పి ఊరుకున్నారు. గడువు దాటింది. ఇక మొత్తం 80,000 మీరు బాకీ పడినట్లే. కాంట్రాక్టరు కోర్టుకు వెళితే, పని సరిగా లేదన్న వాదన గానీ, ఒప్పందం కింద మీ ఎదురు క్లెయిమ్ గానీ ఆ కేసులో వినరు. తరువాత వేరే దావా వేసి వెనక్కి రాబట్టుకునే హక్కు ఉంటుంది. కానీ అప్పటికి ఆ కంపెనీ మూతపడితే ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

అదే గడువులోగా "50,000 చెల్లిస్తాను. వంటగది ఎగ్జాస్ట్ బిగించలేదు, టైల్స్ పని సగమే అయింది కనుక 30,000 ఆపుతున్నాను" అని రాసి ఉంటే, వివాదం ఆ 30,000 వరకే. దాన్ని అడ్జుడికేటర్ కాగితాలు చూసి కొద్ది వారాల్లో తేలుస్తారు. షెడ్యూల్‌లో రాయని కారణాన్ని అక్కడ కొత్తగా చెప్పనివ్వరు. అడ్జుడికేటర్ చట్టాన్ని అన్వయించడంలో పొరబడ్డారన్నంత మాత్రాన ఆ నిర్ణయాన్ని కొట్టివేయలేమని ఆస్ట్రేలియా హైకోర్టు 2018లో ప్రోబిల్డ్ కేసులో తేల్చింది.

మీకు డబ్బు రావలసి ఉంటే

డిజైన్, సర్వే, ఇంజనీరింగ్ సేవలూ ఈ చట్టం పరిధిలోకి వస్తాయి. కనుక సొంత కన్సల్టెన్సీ నడిపే మన ఇంజనీర్లకు ఇది మంచి ఆయుధం. "మాకు పైనుంచి రాగానే మీకు ఇస్తాం" అనే షరతు చెల్లదు. సబ్ కాంట్రాక్టరుకు క్లెయిమ్ అందిన 20 పనిదినాల్లోగా చెల్లించాలి. అయితే షెడ్యూల్‌లో తగ్గించి ఇస్తే, అడ్జుడికేషన్‌కు వెళ్ళడానికి మీకున్న గడువు కూడా 10 పనిదినాలే.

గుర్తుంచుకోవలసినవి

* బిల్లు అందిన తేదీని వెంటనే రాసి పెట్టుకోండి.
* ఇండియా ప్రయాణానికి ముందు ఈమెయిల్ చూసే బాధ్యత ఎవరికైనా అప్పగించండి.
* ఎంత ఇస్తారో, మిగిలింది ఎందుకు ఇవ్వరో అన్ని కారణాలతో రాతపూర్వకంగా పంపండి. కాంట్రాక్టరు ఎంత దగ్గరివాడైనా ఇది తప్పదు.

విక్టోరియా, క్వీన్స్‌లాండ్ వంటి రాష్ట్రాలకు వేరువేరు చట్టాలు, వేరువేరు గడువులు ఉన్నాయి. ఇది సాధారణ అవగాహన కోసం రాసినది మాత్రమే. బిల్లు చేతికి వచ్చిన రోజే, తొమ్మిదో రోజు దాకా ఆగకుండా, మీ రాష్ట్రంలోని లాయరును సంప్రదించండి.