దొంగకు చిక్కని తాళంచెవి

పిల్లలూ! 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి ఎగిరిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహం ఆకాశం నుంచి మన పొలాలనూ, చెరువులనూ ఫోటోలు తీసింది. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వారు వాటిని ‘భూనిధి’ అనే ఇంటర్నెట్ భాండారంలో ఉంచారు. మీ ఇంటి ఫోటోలూ, నాన్నగారి కాగితాలూ కూడా ఈనాడు ఇలాంటి భాండారాలలోనే ఉంటున్నాయి కదా!

వాటికి కాపలా ఏమిటి? పాస్‌వర్డు. కాని దొంగ అచ్చం అసలు వాకిలివంటి నకిలీ వాకిలి కట్టి, మీ చేతనే పాస్‌వర్డు చెప్పించుకోగలడు!

అందుకే సెక్యూరిటీ కీ పుట్టింది. చూడడానికి చిన్న పెన్‌డ్రైవ్ లాగుంటుంది. దాని కడుపులోని రహస్యసంఖ్య ఎన్నడూ బయటికి రాదు. భాండారం ప్రతిసారీ కొత్త ప్రశ్న పంపుతుంది. మీరు వేలితో తాకగానే, కీ తన రహస్యంతో లెక్కకట్టి జవాబిస్తుంది. భాండారం తన దగ్గరున్న జోడుసంఖ్యతో దానిని సరిచూస్తుంది. నిన్నటి జవాబు నేడు చెల్లదు. అడిగే వాకిలి పేరు కూడా ఆ లెక్కలో చేరుతుంది కనుక, నకిలీ వాకిలికిచ్చిన జవాబు అసలు వాకిట పనికిరాదు.

గూగుల్ సంస్థ 2017లో తన ఉద్యోగులకు ఈ కీలు తప్పనిసరి చేసింది. ఆ తరువాత 85,000 మందికి పైగా ఉన్న ఉద్యోగులలో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఇలాంటి మోసానికి చిక్కలేదని 2018లో ప్రకటించింది.

మరి కీ పోతే? ఇంటి తాళానికిలాగే రెండోది ముందుగానే నమోదు చేసి, బీరువాలో భద్రంగా దాచుకోవాలి!