రాయి ఒక దేశానిది, పరీక్ష ఇంకో దేశానిది

భూమ్మీద ప్రాణం ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, ఎన్నిసార్లు చావు అంచు దాకా వెళ్లి తిరిగొచ్చింది? వీటి ఆధారాలు ప్రపంచమంతా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. జీవావరణం అనే భావనకు 1875లో పేరు పెట్టినవాడు ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూస్. దాన్ని విస్తరించి 1926లో పుస్తకం రాసినవాడు రష్యాకు చెందిన వ్లదిమిర్ వెర్నాద్‌స్కీ. ఈ పరిశోధన ఏనాడూ ఒక్క దేశపు సొత్తు కాలేదు. రాయి ఒక దేశంలో దొరుకుతుంది, దాన్ని పరీక్షించే యంత్రం ఇంకో దేశంలో ఉంటుంది, ‘నిజమేనా?’ అని నిలదీసేవాడు మూడో దేశం నుంచి వస్తాడు. అలా నిలిచిన రికార్డులు కొన్ని, వీగిపోయినవి కొన్ని ఇక్కడ చూడండి. వరస పాతకాలం నుంచి మన కాలానికి.

భూమ్మీద పుట్టిన రేణువుల్లో అతి పాతది: 440 కోట్ల ఏళ్లు

పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ స్ఫటికం ఇది. కంటికి ఆనీ ఆననంత ఉంటుంది. ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్ శాస్త్రవేత్తలు 2001లో దీని వయసు ప్రకటించారు. ఇందులోని ఆక్సిజన్ ఐసోటోపులను కొలిస్తే, అప్పటికే భూమ్మీద నీరు ద్రవరూపంలో ఉందనే సూచన దొరికింది. అంటే భూమి పుట్టిన పదిహేను కోట్ల ఏళ్లలోపే ప్రాణానికి కావలసిన మొదటి సరుకు సిద్ధమైందన్నమాట.

ప్రాణం మిగిల్చిన పాత ఆనవాలు: 348 కోట్ల ఏళ్లు

ఆస్ట్రేలియాలోనే పిల్బరా ప్రాంతపు రాళ్లలో పొరలు పొరలుగా కనిపించే స్ట్రొమటోలైట్లు సూక్ష్మజీవుల కట్టడాలు. 2016లో గ్రీన్‌లాండ్‌లోని ఇసువాలో 370 కోట్ల ఏళ్లవి దొరికాయని ఒక బృందం ప్రకటించింది. రెండేళ్లకు నాసా శాస్త్రవేత్త అబిగైల్ ఆల్‌వుడ్ నాయకత్వంలో మరో బృందం పరిశీలించి, అవి జీవుల కట్టడాలు కావు, భూగర్భపు ఒత్తిడికి రాయి ముడతలు పడి వచ్చిన ఆకారాలని తేల్చింది. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. స్ట్రొమటోలైట్లను ప్రాణంతో చూడాలంటే మాత్రం ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరానికి వెళ్లొచ్చు.

ఇరవై ఏళ్ల వివాదంలోంచి లేచిన నాచు: 160 కోట్ల ఏళ్లు

డెహ్రాడూన్‌లోని వాడియా సంస్థకు చెందిన రఫత్ జమాల్ ఆజ్మీ 1998లో వింధ్య శిలల్లో శిలాజాలు దొరికాయన్నారు. అవి కేంబ్రియన్ కాలానివని, అంటే దాదాపు 54 కోట్ల ఏళ్ల నాటివని ఆయన లెక్క. ఆ శిలలు అంతకన్నా చాలా పాతవన్నది అప్పటికే ఉన్న అంచనా. దాంతో పెద్ద దుమారం రేగింది. స్వీడన్ శాస్త్రవేత్త స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం మళ్లీ పరిశీలించి 2009లో తీర్పు చెప్పింది. శిలాజాలు నిజమైనవే, కాకపోతే ఆయన చెప్పినదానికన్నా వంద కోట్ల ఏళ్లకు పైగా పాతవి. తర్వాత చిత్రకూట్ రాళ్లలోని శిలాజాలను స్విట్జర్లాండ్‌లోని సింక్రోట్రాన్ అనే యంత్రపు ఎక్స్‌రేలతో, పగలగొట్టకుండానే, కణం కణం చూశారు. అవి ఎర్రనాచు జాతివని 2017లో ప్రకటించారు. ఒకదానికి పెట్టిన పేరు రఫతాజ్మియా చిత్రకూటెన్సిస్. ఆజ్మీ లెక్క తప్పినా, ఆయన పేరు మాత్రం శాస్త్రంలో నిలిచింది.

కొవ్వు పట్టించిన జంతువు, రద్దయిన రికార్డు: 55.8 కోట్ల ఏళ్లు

డికిన్సోనియా చూపుకు చారలున్న చాప లాంటిది. పెద్దవి మీటరు దాటుతాయి. అది జంతువా, నాచా, ఇంకేదైనానా అని దశాబ్దాల పాటు తగువు. రష్యాలో తెల్లసముద్రం ఒడ్డు కొండల్లో దొరికిన శిలాజాల్లో కొలెస్టరాల్ జాడ ఉందని 2018లో ఆస్ట్రేలియా, రష్యా, జర్మనీ శాస్త్రవేత్తలు నిరూపించారు. కొలెస్టరాల్ జంతువుల గుర్తు, కాబట్టి తగువు తీరింది.

2021లో మన భీంబేట్కా గుహ గోడ మీద కూడా డికిన్సోనియా దొరికిందన్న వార్త దేశమంతా మోగింది. అమెరికాకు చెందిన గ్రెగరీ రెటలాక్ బృందం చేసిన ప్రకటన అది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ బృందం అక్కడికి వెళ్లి చూసి 2023లో అసలు సంగతి చెప్పింది. అది శిలాజం కాదు, గోడకు అంటుకుని మిగిలిన పాత తేనెపట్టు! రెటలాక్ కూడా ఒప్పుకున్నారు.

అతి పొడుగాటి ఉపవాసం: 10.15 కోట్ల ఏళ్లు

దక్షిణ పసిఫిక్ నడిమధ్య, ప్రపంచంలోనే ఆహారం అతి తక్కువగా దొరికే సముద్రం అడుగున 2010లో ఒక అంతర్జాతీయ బృందం మట్టి తవ్వి తీసింది. జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు ఆ మట్టిలోని సూక్ష్మజీవులకు ప్రయోగశాలలో ఆహారం పెట్టారు. 10.15 కోట్ల ఏళ్ల నాటి పొరలోవి కూడా మేల్కొని తినడం, పెరగడం మొదలెట్టాయి. 68 రోజుల్లో కొన్ని నమూనాల్లో వాటి సంఖ్య పదివేల రెట్లయింది. 2020లో వెలువడిన ఫలితమిది.

భూమి లోతుల్లో ఇలాంటి ప్రాణం ఎంత ఉంది? 50కి పైగా దేశాల శాస్త్రవేత్తలు పదేళ్లు పనిచేసిన డీప్ కార్బన్ అబ్జర్వేటరీ 2018లో లెక్క చెప్పింది. ఆ జీవులు నివసించే చోటు ఘనపరిమాణం మహాసముద్రాలన్నిటికీ దాదాపు రెట్టింపు.

రాజమండ్రి దాకా పారిన లావా: 6.6 కోట్ల ఏళ్లు

డైనోసార్లు అంతరించిన కాలానికి సాక్ష్యం చెప్పే చోట్లలో రెండు చూద్దాం. ఒకటి మెక్సికోలోని చిక్‌షులుబ్ ఉల్కాబిలం. 2016లో సముద్రం మీద వేదిక నిలిపి అక్కడ తవ్వారు. రాతి కడ్డీలను జర్మనీలోని బ్రెమెన్‌లో పరీక్షించారు. ఉల్క పడిన కొన్నేళ్లకే ఆ బిలంలోకి మళ్లీ ప్రాణం చేరిందని తేలింది.

రెండోది మన గోదావరి ఒడ్డునే ఉంది. దక్కన్ లావా పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పారి రాజమండ్రికి చేరిందని బ్రిటన్, అమెరికా శాస్త్రవేత్తలు 2008లో వాదించారు. భూమ్మీద తెలిసిన లావా ప్రవాహాల్లో అతి పొడవైనవి ఇవే కావచ్చన్నారు. అక్కడి క్వారీల్లో లావా పొరల మధ్య సముద్రపు మట్టి ఉంది. ప్రిన్స్‌టన్‌కు చెందిన గెర్టా కెల్లర్ భారత, యూరప్ సహచరులతో కలిసి అందులోని సూక్ష్మశిలాజాలు చదివారు. కింది లావా పొర ముగిసిన చోటే జీవుల మహావినాశనం ఉందన్నారు. దోషి ఉల్కా, అగ్నిపర్వతాలా అన్న చర్చకు ఈ క్వారీలు బలమైన సాక్ష్యమయ్యాయి.

పాత డీఎన్‌ఏ, పాత గాలి: 20 లక్షలు, 12 లక్షల ఏళ్లు

ఉత్తర గ్రీన్‌లాండ్ నుంచి 2006లో తెచ్చిన మట్టి, చదివే సాంకేతికత వచ్చేదాకా కోపెన్‌హాగన్‌లోనే ఉండిపోయింది. 2022లో అందులోంచి 20 లక్షల ఏళ్ల నాటి డీఎన్‌ఏ బయటపడింది. ఇప్పుడు మంచుఎడారి అయిన అక్కడ ఒకప్పుడు బిర్చ్ చెట్లు, ఏనుగు జాతి మాస్టడాన్లు ఉండేవని తెలిసింది. ఇక అంటార్కిటికాలో పది యూరప్ దేశాల బృందం 2025 జనవరిలో 2,800 మీటర్ల లోతుకు తవ్వి, 12 లక్షల ఏళ్ల వరకు తెగకుండా సాగే మంచు తీసింది. ఆనాటి గాలి అందులో బుడగలుగా ఉంది.

ఇప్పటి యుగం పేరు: మేఘాలయ

భూచరిత్రలో ఒక కాలం ఎక్కడ మొదలైందో తేల్చడానికి శాస్త్రవేత్తలు ఓటు వేసి, ఏదో ఒక చోటును ‘గోల్డెన్ స్పైక్’గా నిర్ణయిస్తారు. మొదటిది 1972లో చెకోస్లొవేకియాలోని క్లోంక్‌కు దక్కింది. 4,200 ఏళ్ల కిందట పలు దేశాలను కరువు పట్టి పీడించింది. దాని జాడ మేఘాలయలోని చిరపుంజి దగ్గరి మామ్లుహ్ గుహలో నేల నుంచి లేచిన సున్నపు స్తంభంలో స్పష్టంగా ఉంది. అందుకే అప్పటి నుంచి నడుస్తున్న యుగానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టారు. మనిషి పేరుతో ‘ఆంథ్రోపోసీన్’ అనే కొత్త యుగం కావాలన్న ప్రతిపాదన 2024లో ఓటింగులో ఓడిపోయింది. కాబట్టి న్యూయార్క్‌లో ఉన్నా, నెల్లూరులో ఉన్నా, లెక్క ప్రకారం అందరం మేఘాలయ యుగం వాళ్లమే.