2⁶⁷ − 1: ఒక సంయుక్త సంఖ్యా పరిశీలనము

ఒకటికంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను తప్ప మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. అట్లు భాగింపబడునది సంయుక్త సంఖ్య. చిన్న సంఖ్యలయందు ఈ భేదము బాలురకును సులభగ్రాహ్యము. సంఖ్య పెరిగినకొలది ‘ఇది సంయుక్తమా?’ యనునదియు, ‘దీని కారణాంకము లెవ్వి?’ యనునదియు వేర్వేఱు ప్రశ్నలగును. మొదటిదానికి సమాధానము దొరకినను రెండవది మిగిలిపోవచ్చును. అరువదియేడు రెండ్లను ఒకదానితో నొకటి గుణించి, లబ్ధమునుండి ఒకటి తీసివేయగా వచ్చు 147573952589676412927 అను సంఖ్య యిందులకు మంచి యుదాహరణము.

1644లో మెర్సెన్ అను ఫ్రెంచి క్రైస్తవ సన్న్యాసి, 257 వఱకు గల ఘాతములలో వేనికి ఇట్టి సంఖ్యలు ప్రధానములగునో ఒక పట్టిక ప్రకటించెను. అందు 67 చేరియుండెను. రెండువందల యేండ్లకు పైగా ఆ మాట తప్పని యెవరును నిరూపింపలేదు. 1876లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు ఈ సంఖ్య సంయుక్తమని తేల్చెను. కాని దాని కారణాంకమును ఒక్కదానినైనను చూపలేదు.

కారణాంకము తెలియక సంయుక్తమని యెట్లు చెప్పవచ్చును? లూకా పద్ధతిని తరువాత లేమర్ సరళపఱచెను. ఘాతము 2కంటె పెద్దదగు ప్రధాన సంఖ్య కావలెను. 4తో ఆరంభించి, ప్రతి పదమును దానిచేతనే గుణించి, 2 తీసివేసి, పరీక్షింపదలచిన సంఖ్యచే భాగించి, శేషమును తరువాతి పదముగా గైకొనవలెను. ఘాతముకంటె ఒకటి తక్కువగా పదములు వ్రాసినపుడు చివరిది సున్న యైనచో సంఖ్య ప్రధానము; కానిచో సంయుక్తము. 2⁵ − 1, అనగా 31కి పదములు 4, 14, 8, 0. కావున 31 ప్రధానము. 2¹¹ − 1, అనగా 2047కు పదములు 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. చివరిది సున్న కాదు గావున 2047 సంయుక్తము. 2047 అనునది 23, 89ల లబ్ధమే; అయినను ఈ లెక్కలో ఆ రెండును ఎక్కడను కానరావు.

కారణాంకములను వెదకుటకు మఱియొక నియమము తోడ్పడును. ఘాతము 2కంటె పెద్దదగు ప్రధానమైనచో, ఇట్టి సంఖ్యయొక్క ప్రతి కారణాంకమును ఘాతమునకు రెట్టింపుచే భాగింపగా 1 శేషించును. 23, 89లను 22చే భాగించి చూడుడు. 67 విషయమున 134చే భాగింపగా 1 శేషించు సంఖ్యలనే పరీక్షించిన చాలును. అయినను 135తో మొదలగు ఆ వరుసలో మొదటి కారణాంకము 14,45,580వ స్థానమున నున్నది.

1903 అక్టోబరులో న్యూయార్కు నగరమున అమెరికా గణితసంఘ సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ కారణాంకములను ప్రకటించెను. అవి 193707721, 761838257287. ఆయన నోరు మెదపక నల్లబల్లపై గుణకారము చేసి చూపి కూర్చుండెననియు, వీనిని కనుగొనుటకు మూడేండ్ల ఆదివారములు పట్టెనని తరువాత చెప్పెననియు ప్రతీతి. కనుగొనుటకు అంత శ్రమ. సరిచూచుటకు కాగితము, కలము, ఒక గంట చాలును.

ఈ వైషమ్యమే తరువాత లోకమున కుపయోగపడెను. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధమును బహిరంగపఱచి, ఆ ప్రధానములను దాచియుంచు రహస్యలేఖన పద్ధతిని 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు కల్పించిరి. ఆ యేట పరీక్షకై ప్రకటించిన 129 అంకెల సంఖ్యను, పెక్కు గణకయంత్రములు కలసి 1994లో విడదీసినవి. కోల్ శ్రమించిన సంఖ్యను నేటి సామాన్య యంత్రము క్షణములో విడదీయును. కాని తగినరీతి నెన్నుకొన్న రెండు ప్రధానముల లబ్ధము ఆఱువంద లంకెలు దాటినచో నేటి యంత్రములకును అది అశక్యముగనే యున్నది. ఆ సంఖ్య సంయుక్తమని యందఱు నెఱుగుదురు. కారణాంకములు తెలిసినవాడు మాత్రము దానిని నిర్మించినవాడే.